శుక్రవారం పడమటి బండి

నీలం రంగు ఎయిర్‌బ్యాగు అడుగున వసుమతి రెండు నేత చీరలు పరిచింది. వాటి మీద తువ్వాలు, తువ్వాలు మడతలో ఊది నింపుకునే రబ్బరు దిండు, ఆ పైన ఉన్ని శాలువా పెట్టింది. బండిలో దిండు ఊరికే ఇస్తారో, అమ్ముతారో తెలియదు. అమ్మేదే అయితే మూడు రాత్రుల నిద్ర కోసం ఎందుకు కొనాలి? స్టీలు గ్లాసు, చెంచా, ఆవకాయ సీసా ఓ పాత లంగా ముక్కలో చుట్టి మూలకి దోపింది. జిప్పు లాగింది. మళ్ళీ తీసి సీసా మూత ఇంకోసారి బిగించి చూసింది. మళ్ళీ లాగింది. చివరికి ఓ చిన్న గుడ్డలో గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ము ముడివేసి పక్క జేబులో పెట్టింది.

గుమ్మంలో పాలగిన్నె పట్టుకుని నిలబడిన రేణు ఇదంతా చూస్తోంది. తమ్ముడు అచ్యుతరావు కూతురు. పదేళ్ళది. అమ్మానాన్నలు అప్పటికే ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. స్కూలు బస్సు ఇంకా రాలేదు.

"అత్తా, నీ ట్రైన్ ఫ్రైడే కదా? ఇవాళే ప్యాక్ చేశావేం?"

"ప్యాక్ చెయ్యడం కాదే, ఇవాళే బయల్దేరుతున్నా."

"టుడే ఈజ్ వెన్స్‌డే."

"అందుకే. బుధవారం మంచిది. శుక్రవారం పడమటి దిక్కుకి శూల."

"శూల అంటే?"

వసుమతి ఆలోచించింది. "ఆ దిక్కున ఎవడో బల్లెం పట్టుకుని కూచున్నాడనుకో. ఎదురెళితే గుచ్చుకుంటుంది."

"కాలిఫోర్నియా ఈజ్ వెస్ట్."

"అదేగా మరి నా గొడవ."

"సో గో ఆన్ సాటర్‌డే."

"శనివారం టికెట్ ఎక్కువే తల్లీ."

అదీ అసలు చిక్కు. పెద్ద సెలవులు అయిపోయాక రైలువాళ్ళు రేటు తగ్గించారు. ఆ తగ్గించిన రేటు సీట్లు ఆ వారంలో శుక్రవారం బండికే మిగిలాయి. చవక చూస్తే శూల, శూల తప్పించుకుందామంటే ఖరీదు. సోమవారం సాయంత్రమంతా ఆమె ఓ చేత్తో రైళ్ళ టైము పుస్తకం, ఇంకో చేత్తో పంచాంగం పట్టుకుని కూచుంది. భూతద్దం అటు కాసేపు, ఇటు కాసేపు తిరిగింది. దారి దొరికింది పంచాంగంలోనే. మంచివేళకి మనిషి కదలలేకపోతే, తన సంచిని ఆ వేళకి ఇల్లు దాటించి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో పెట్టిస్తారు. దాన్ని పరస్థానం అంటారు. సంచి గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఏ వారం బండెక్కినా శూల అంటదు.

రేణు అంతా విని అడిగింది. "మరి బ్యాగ్ మళ్ళీ తెచ్చేస్తే?"

"తేకూడదు. ఆ సంచి మళ్ళీ ఈ గడప లోపలికి వచ్చిందంటే ప్రయాణం ఆగిపోయినట్టే."

రేణు గిన్నెలో చెంచా తిప్పడం ఆపింది.

పడమటి వైపు ఇల్లు హెలెన్‌ది. ఒంటరి మనిషి. ఐసెలిన్ ఊళ్ళో ఆ వీధి పుట్టినప్పటినుంచీ ఉందంటుంది. వసుమతి ఇంగ్లీషుకీ హెలెన్ చెవిటితనానికీ బాగా కుదిరింది. ఒకరి మాట ఒకరు పూర్తిగా వినకుండానే ఆరేళ్ళుగా కంచె దగ్గర టొమాటోలు మార్చుకుంటున్నారు.

"ఏముంది దీన్లో వాసూ, శవమా?" అంది హెలెన్ బరువు చూసి, తన భాషలో.

వసుమతి దారంతా కూడగట్టుకున్న వాక్యం చెప్పింది. "దిసీజ్ మై జర్నీ. కీప్ టిల్ ఫ్రైడే."

హెలెన్ నవ్వలేదు. ఆ సంచిని రెండు చేతులా అందుకుని పోయిన భర్త కూచునే వాలుకుర్చీలో పెట్టింది.

వసుమతి వెనక్కి నడుస్తుంటే కాళ్ళు తేలికగా అనిపించాయి. ఆ వెంటనే భయం వేసింది. పొయ్యి కట్టేశానా? గ్రీన్‌కార్డు జాకెట్టు లోపలి జేబులో ఉందా, సంచిలో పెట్టానా? తడిమి చూసుకుంది. జేబులోనే ఉంది. దాని పక్కన టికెట్ కవరు కరకరమంది.

ఆ టికెట్ సంగతి ఆమెకీ, మెట్రోపార్క్ స్టేషన్ కిటికీ వెనకున్న మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. రానూపోనూ కలిపి తీసుకుంటే కొంచెమే ఎక్కువని అతను చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అర్థం కాలేదనుకుని అతను కాగితం మీద అటు ఓ బాణం, ఇటు ఓ బాణం గీసి చూపించాడు. ఆమె ఇటు వచ్చే బాణాన్ని వేలితో మూసింది. అతను ఆమె ముఖంలోకి చూసి, ఇంకేమీ అనకుండా టికెట్ కొట్టాడు.

వాడిన అల్యూమినియం రేకుని కడిగి ఆరేసి మళ్ళీ వాడే మనిషి వసుమతి. ఈ దేశంలో అంత చవక బేరాన్ని ఆమె కాదనడం అదే మొదలు.

దానికి కారణం ఆదివారం నాటి వినాయకచవితి. ఇంటినిండా జనం. ఆమె గారెల పళ్ళెంతో హాల్లోకి వస్తుంటే అచ్యుతరావు ఫ్రెండ్సుకి కొత్త పైకప్పు సంగతి చెబుతున్నాడు. "ఎలా మేనేజ్ చేశావోయ్" అన్నారెవరో. "మా అక్కేనండీ. అక్క వచ్చాక బేబీ సిట్టర్ లేదు, క్యాటరింగ్ లేదు, క్లీనింగ్ లేదు. హోల్ థింగ్ సేవింగ్సే! ఈ రూఫ్ అక్క వేయించినట్టే" అన్నాడు వాడు, ఎంతో ప్రేమగా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి అందరికీ గారెలు వేసింది. వంటింట్లోకి వచ్చి ఖాళీ పళ్ళెం కడిగింది. ఆ సేవింగ్సు ఎక్కడున్నాయో ఇల్లంతా కనిపిస్తోంది. నెత్తిన పైకప్పు, గరాజులో కారు, కింద కార్పెట్. తనెక్కడుంది?

*

బుధవారం సాయంత్రం భోజనాలయ్యాక వసుమతి దీపం కింద కూచుని చీరకి ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. ఓక్ ట్రీ రోడ్డులో చీరల కొట్టు పెట్టిన గుజరాతీ ఆవిడ ఇచ్చే పని. టికెట్ డబ్బు ఆ పనిలోదే. ఫాల్ బట్టని ముందురోజే నీళ్ళలో నానబెట్టి ఆరేస్తుంది, తర్వాత ముడుచుకుపోకుండా. చీర అంచుకి వెంట్రుకవాసి లోపలగా పెట్టి, సూదితో ఒక్క పోగుని మాత్రం పట్టుకుని లాగుతుంది. పైవైపు నుంచి చూస్తే కుట్టు కనబడదు.

అచ్యుతరావు టీవీ ఆపాడు. ఆ శబ్దం ఆగడంతోనే ఆమెకి తెలిసిపోయింది, ఇక తన ప్రయాణం సంగతేనని.

"ట్రైన్ ఏమిటక్కా అసలు? మూడు రోజులు కూర్చునా? ప్లేన్‌లో ఆరు గంటలు. డిసెంబర్‌లో అందరం కలిసి ఫ్లై అవుదామన్నానా లేదా?"

"పోయినేడూ డిసెంబరే అన్నావు."

"లాస్ట్ ఇయర్ రూఫ్ వచ్చింది కదా వదినా," అంది అతని భార్య సరోజ, హాస్పిటల్ నుంచి తెచ్చుకున్న కాగితాల్లోంచి తలెత్తి.

"వచ్చింది. అంతకు ముందేడు కారు వచ్చింది. నేనేం కాదనలేదమ్మా. అందుకే మీ డబ్బు అడగలేదు."

"డబ్బు సంగతి ఎవరన్నారు? సేఫ్టీ!" అన్నాడు అచ్యుతరావు. "షికాగోలో ట్రైన్ మారాలి. సగంరోజు వెయిటింగ్. ఎక్కడుంటావ్?"

"స్టేషన్లో. పెద్ద హాలుందట, బల్లలున్నాయట. పెట్టె నెవార్క్‌లో బండి మారేటప్పుడు లగేజీలో వేస్తే అక్కడిదాకా వాళ్ళే చేరుస్తారు. చేతిలో సంచే. హోటలెందుకు? రాత్రులన్నీ బండిలోనే గడిచేలా చూసుకున్నా. టీకి వేడినీళ్ళు అడిగితే ఊరికే పోస్తారని కాలిఫోర్నియా నుంచి నళిని ఫోన్లో చెప్పింది. అన్నం నాతోనే ఉంటుంది."

"రిటర్న్ ఎప్పుడు?"

సూది ఓ పోగు తప్పింది. ఆమె దాన్ని వెనక్కి లాగింది. "ముందు వెళ్ళనీరా."

వాడు గొంతు మార్చాడు. వాడి చిన్నప్పటినుంచీ ఆమెకి తెలిసిన గొంతు. ఏడుపు పనిచెయ్యకపోతే నవ్వించడానికి తీసేది. "ఆ సంచి పక్కింట్లో పెట్టావట? రేణు చెప్పింది. అక్కా, నైన్టీన్ ఎయిటీ సిక్స్‌లో ఉన్నాం. పైగా నీ పంచాంగం బెజవాడ లెక్క. నువ్వు బుధవారం అనుకునేసరికి అక్కడ గురువారం వచ్చేస్తోంది. నీ శూల ఏ టైమ్ జోన్‌లో ఉందో కనుక్కున్నావా?"

సరోజ నవ్వింది. వసుమతికీ నవ్వొచ్చింది. "ఈ సూర్యుణ్ణి చూసే నేను నిద్రలేస్తున్నా. నా బుధవారం ఇక్కడిదే."

"సరే, అసలు విషయానికి రా. నళిని ఎందుకు పిలుస్తోందో నాకు తెలీదనుకున్నావా? క్యారియర్ల కోసం."

నళిని ఈ అక్కాతమ్ముళ్ళకి పిన్ని కూతురు. శాంటా క్లారాలో ఓ ఇంటి వెనక వాటా అద్దెకి తీసుకుని, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే పెళ్ళికాని కుర్రాళ్ళకి క్యారియర్లలో భోజనం వండి పంపుతోంది. ఆదివారాలు, రేటు తక్కువుండే వేళ చూసి ఫోన్ చేస్తుంది. మాట ఎప్పుడూ ఒకటే. "ఒక్కదాన్నీ చెయ్యలేకపోతున్నానే. నువ్వొస్తే సగం సగం."

"తెలిస్తే మంచిదేగా," అంది వసుమతి.

"ఊరూపేరూ తెలియని బ్యాచిలర్స్‌కి మా అక్క అన్నం వండి అమ్ముతుందా? ఇక్కడ మన వాళ్ళు వింటే ఏమంటారు? ఐ హావ్ ఎ నేమ్ హియర్."

ఆమె దారం పళ్ళతో కొరికింది.

"చిన్నా, అమ్మితే పరువు తక్కువ. ఊరికే పెడితే పరువు. అంతేనా?"

"ఇది నీ ఇల్లక్కా! ఇంట్లో చేసుకునేదానికి—"

"నా ఇల్లయితే నా గది తలుపుకి గడియ ఉండేది."

మాట అన్నాక ఆమే ఉలిక్కిపడింది. ఆమె పడుకునేది రేణు గదిలో, రెండో మంచం మీద. దాని గురించి ఆరేళ్ళలో ఎన్నడూ మాట్లాడలేదు. సరోజ కాగితాలు సర్దుకుంది. అచ్యుతరావు టీవీ వైపు చూశాడు గానీ పెట్టలేదు.

వసుమతి చీర మడిచి, సూది గుచ్చే దిండుకి సూది గుచ్చి, లేచింది. మడత దీపం కింద తిప్పి చూసింది. కుట్టు ఎక్కడా పైకి కనబడలేదు.

*

గురువారం పొద్దున్నే వసుమతి దారి తిండి వండడానికి దిగింది. చపాతీల పిండిలో నీళ్ళకి బదులు పాలు పోసి కలిపింది, మెత్తగా ఉండి పాడవకుండా. పులిహోరకి చింతపండు గుజ్జుని నూనె పైకి తేలేదాకా ఉడికించింది. అది రెండో రోజుకీ నిలుస్తుంది. పెరుగన్నం పని మాత్రం రేపు పొద్దున్నే: అన్నాన్ని మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేస్తే, రాత్రి భోజనం వేళకి డబ్బాలోనే తోడుకుని కమ్మటి పెరుగన్నమవుతుంది. ఇక్కడే పెరుగు కలిపితే దారిలో పులిసిపోతుంది. జంతికలు, సున్నుండలు వేరే డబ్బాల్లో పెట్టింది. రైల్లో భోజనాల పెట్టె వైపు తొంగి చూసే అవసరమే లేదు.

సరోజకి ఆ రోజు సెలవు. కిందకి వచ్చి, బల్లనిండా ఉన్న డబ్బాలు చూసింది. కాఫీ తాగుతూ మెల్లగా అడిగింది.

"వదినా, ఫ్రీజర్‌లో కూడా ఏమన్నా చేసి పెడతారా? ఓ రెండు మూడు వారాలకి... సాంబారు, కూరలు. నా షిఫ్ట్స్ చూశారుగా."

వసుమతి చేయి అలవాటుగా పప్పు డబ్బా మీదికి వెళ్ళింది. మూత తియ్యబోయి ఆగింది. రెండు మూడు వారాల తర్వాత ఏమిటి?

"రా సరోజా, సాంబారు ఎలా పెట్టాలో చూపిస్తా. పక్కన నిలబడు."

సరోజ ముఖం కొంచెం మారింది. పెద్ద పెద్ద రోగాలకి మందు రాసిచ్చే మనిషి, కందిపప్పు ఎంత పొయ్యాలో తెలియక డబ్బా పట్టుకుని నిలబడింది. "నాకు ఇవన్నీ రావు వదినా. మీరు వెళ్తే నిజంగానే..." అని ఆగిపోయింది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి వసుమతి పొయ్యి మంట తగ్గించింది. ఈ పిల్ల చెడ్డది కాదు. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందుకే ఇన్నేళ్ళు పట్టింది.

"వస్తుందిలే. కొలత చెయ్యే చెబుతుంది," అని కందిపప్పు సరోజ గుప్పిట్లోనే పోసింది.

సాయంత్రం అచ్యుతరావు వచ్చే వేళకి వసుమతి ఉతికిన బట్టలు తీసుకుని మేడమీది గదికి వెళ్ళింది. రేణు మంచం మీద పుస్తకం తెరుచుకుని కూచుంది. పుస్తకం తలకిందులుగా ఉంది. గౌన్లు పెట్టడానికి బీరువా తలుపు తీస్తే, కిందన బొమ్మల మధ్య నీలం రంగు పట్టీ కనిపించింది.

వసుమతి చేతిలోని బట్టలు జారిపోయాయి.

"నువ్వే తెచ్చావా?"

"నువ్వేదో మర్చిపోయావని హెలెన్‌కి చెప్పా." రేణు పుస్తకం మూసేసింది. "నువ్వే చెప్పావ్. బ్యాగ్ లోపలికొస్తే ఆగిపోతుందని. యూ సెడ్ ఇట్ వుడ్ స్టాప్!"

వసుమతి నేలమీద కూలబడింది. తిట్టాలనిపించలేదు. ఈ దేశంలో పుట్టిన పిల్ల, తను చెప్పిన శాస్త్రాన్ని అక్షరాలా నమ్మింది. పెద్దవాళ్ళెవరూ నమ్మనంతగా.

రేణు ఏడుపు విని అచ్యుతరావు పైకి వచ్చాడు, వెనకే సరోజ. సంచి చూశాడు. విషయం అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత అతని ముఖం విప్పారింది.

"అయ్యో, పరస్థానం వెనక్కొచ్చేసిందే! అక్కా, ఇంక వెళ్ళకూడదు. నాన్నగారుంటే ఏమనేవారు? 'ఆగమ్మా' అనేవారు. దేవుడే వద్దంటున్నాడు."

"నిన్న టైమ్ జోన్ అన్నావు," అంది వసుమతి నేల చూస్తూనే.

"అంటే... నా నమ్మకం వేరక్కా. నీ మాట నేను చెప్తున్నా. నీకు మనసులో పీకుతూ ఉంటుంది కదా దారంతా. ఎందుకొచ్చిన రిస్క్?"

"పోనీలెండి వదినా," అంది సరోజ. "టికెట్ డబ్బు వెనక్కిస్తారేమో ఈయన ఫోన్ చేస్తారు. డిసెంబర్‌లో అందరం—"

వాళ్ళు కిందకి వెళ్ళాక వసుమతి అక్కడే కూచుంది. నిజంగానే ఆమెకి భయం వేసింది.  శూలకి ఎదురెళ్ళినవాళ్ళ కథలు ఆమెకి బోలెడు తెలుసు. వింటూ పెరిగింది. ఫలానావాడు శుక్రవారం పడమటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆదివారమూ పడమటికి శూలే, ఫలానా కోడల్ని ఆ రోజు పంపారు, అదే ఆఖరి చూపు. ఎవరు ఏ ఊరికి బయల్దేరినా, గుమ్మంలో నిలబడి సందు మలుపు తిరిగేదాకా వాళ్ళ వీపు చూసే అలవాటు ఆ కథలవల్లే వచ్చింది. వీపులు చూసీ చూసీ ముసలిదైంది. ఆ కథలన్నిటికీ చివర ఒకటే మాట. తిరిగి రాలేదు.

తిరిగి రాలేదు.

వసుమతి తలెత్తింది. బల్లెం పట్టుకుని కూచున్నవాడు చెయ్యగలిగింది అంతేనా? మరి జాకెట్టు జేబులో ఉన్న టికెట్టూ అదే కదా! తను డబ్బిచ్చి కొనుక్కున్నదాన్ని చూపించి తననే బెదిరిస్తే ఎలా?

ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. బొమ్మల మధ్య నుంచి సంచి లాగింది. ఆవకాయ సీసా మూత బిగించి చూసింది, అలవాటు కొద్దీ. తర్వాత ఆ సంచిని తీసుకెళ్ళి తన మంచం పక్కనే, లోపలే పెట్టుకుంది. మళ్ళీ ఎవరింటికీ పంపలేదు. పంచాంగం తీసి చూడనూ లేదు.

కిందకి దిగి, మెట్ల మీదనుంచే చెప్పింది. "చిన్నా, ఫోన్ చెయ్యకు. రేపు నే వెళ్తున్నా."

"శుక్రవారం అక్కా!"

"తెలుసు."

"మరి శూల?"

"ఉంటే ఉండనీ. నాకెదురుగా ఉన్నది నాకు గుచ్చుకుంటుంది. మీకెందుకు భయం?"

అచ్యుతరావు బల్ల మీది కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. "నేను డ్రాప్ చెయ్యను. ఆఫీస్‌లో మీటింగ్ ఉంది," అన్నాడు, పిల్లాడిలా.

"హెలెన్‌ని అడిగాను. ఆవిడ కారు ఇంకా నడుస్తోంది."

*

శుక్రవారం పొద్దున వసుమతి గడప దగ్గర ఆగింది. కుడికాలు ముందు పెట్టాలా అని ఒక్క క్షణం తటపటాయించింది. సంచి ఒక పట్టీ తను పట్టుకుంది. రెండో పట్టీ పట్టుకోమని రేణుకి ఇచ్చింది.

"నువ్వు తెచ్చావుగా. పట్టు, బయటికి కూడా తీసుకొద్దాం."

ఇద్దరూ గడ్డిలో నడిచారు. ఎత్తులు సమానంగా లేక సంచి రేణు వైపు ఒరిగింది. స్కూలు బస్సు ఆగే చోటికి వచ్చాక రేణు అడిగింది. వాళ్ళ నాన్న అడిగి, జవాబు రాక వదిలేసిన ప్రశ్న.

"వెన్ ఆర్ యూ కమింగ్ బ్యాక్?"

'తొందర్లోనే' అనడం ఎంత తేలిక! పిల్లలతో అలాగే అంటారు. కానీ ఈ పిల్ల తను చెప్పింది చెప్పినట్టు నమ్ముతుంది.

"రాను రేణూ. నువ్వే రా."

రేణు పట్టీని మరో చేతిలోకి మార్చుకుంది.  "ట్రైన్‌లోనా?"

"ట్రైన్‌లోనే. ఏ బండి ఎక్కితే చవకో, ఏ పక్క కూచుంటే కొండలు కనిపిస్తాయో నేను చెప్తా. ఏ వారమైనా ఫరవాలేదు. శూలా లేదు, గీలా లేదు."

"యూ ఫిక్స్‌డ్ ఇట్?"

"ఆఁ. వాణ్ణి లేచి పొమ్మన్నా."

బస్సు వచ్చింది. వసుమతి మలుపుదాకా దాన్నే చూస్తూ నిలబడింది. వెనక అద్దంలోంచి ఓ చెయ్యి ఊగుతూ చిన్నదైపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుని, వెనక్కి ఇంటివైపు చూడకుండా హెలెన్ కారెక్కింది.

మెట్రోపార్క్‌లో పెట్టె ప్లాట్‌ఫారం మీదికి ఎక్కించడానికి ఇద్దరు ముసలాళ్ళూ తలో చెయ్యి వేసి ఆయాసపడుతుంటే, వెనకనుంచి ఎవరో అందుకున్నారు. అచ్యుతరావు. మెడలో టై, చేతిలో కారు తాళాలు.

"మీటింగో?" అంది వసుమతి.

"అయిపోయింది," అన్నాడు. అవలేదని ఇద్దరికీ తెలుసు.

పెట్టె నిలబెట్టి, చెయ్యి చాచాడు. "టికెట్ ఇయ్యి. నెవార్క్‌లో ఏ ప్లాట్‌ఫారమో చూస్తా." ఆమె కవరు తీసి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండొచ్చు. కానీ ఇచ్చింది. అతను కాగితాలు ఒక్కొక్కటీ తిప్పాడు. షికాగో. ఓక్లాండ్. మళ్ళీ మొదటినుంచీ తిప్పాడు.

"రిటర్న్ ఏదక్కా?"

"తీసుకోలేదు."

"కొంచెమే కదా తేడా! రౌండ్ ట్రిప్ ఎంత చీపో చెప్పలేదా వాళ్ళు? అనవసరంగా—"

"వాడని టికెట్‌కి ఎంత పెట్టినా దండగే చిన్నా. సేవింగ్స్ నీకు నేను చెప్పాలా?"

అతనికి అప్పుడు అర్థమైంది. వాడి ముఖం ఆమె చూడలేకపోయింది. ఆరేళ్ళ వయసులో తిరునాళ్ళలో చెయ్యి వదిలినప్పుడు వాడు పెట్టిన ముఖమే అది, పైన నెరిసిన జుట్టు తప్ప. ఇంకొంచెంసేపు చూస్తే తను కరిగిపోతుంది. ఆమె సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

"నేనా రోజు రూఫ్ అన్నది..." అన్నాడు వాడు నెమ్మదిగా. "సరదాగా అన్నానక్కా."

"నాకు తెలుసురా. సరదాగానే అన్నావు. నిజం కాబట్టి అందరూ నవ్వారు."

బండి వచ్చే చప్పుడు పట్టాల మీద వినిపించింది. హెలెన్ వసుమతి భుజం తట్టి, ఆ తర్వాత ఏమనుకుందో గట్టిగా వాటేసుకుంది. అచ్యుతరావు పెట్టె లోపలికి చేర్చాడు. సంచి కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇది నేనే తెచ్చుకుంటా. మీరు రండి, సెలవులకి. సరోజనీ రేణునీ తీసుకుని. వండిపెడతా. చుట్టాల్లా వస్తే డబ్బు తీసుకోను."

వాడు తలూపి కిందకి దిగాడు, ఆమె ఎక్కింది.

తలుపులు మూసుకున్నాయి. ఆమె కిటికీ పక్క సీట్లో కూచుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. ప్లాట్‌ఫారం మీద తమ్ముడు నిలబడి ఉన్నాడు. బండి కదిలింది. ఈసారి వీపు తనది, చూసేది వాడు. ఆమె చాలాసేపు వెనక్కి తిరగలేదు. తిరిగేసరికి స్టేషన్ లేదు.

నెవార్క్‌లో షికాగో బండెక్కి, పొద్దు వాలాక ఆమె పాలు పోసిన అన్నం డబ్బా మూత తీసింది. చక్కగా తోడుకుంది.

వసుమతి ఐసెలిన్ ఇంటికి మళ్ళీ రాలేదు. ఆమె ఆ ఇల్లు వదిలింది 1986 సెప్టెంబరు పన్నెండున. శుక్రవారం, పడమటి దిక్కుకి.